కారు కూలింగ్ సిస్టంలో గాలి: మూత తీసి వదలాలా, గరాటు పెట్టాలా, వాక్యూమ్ చేయించాలా?

పోయిన మే నెలలో కడపలో ఒక షెడ్డులో మా కారుకు వాటర్ పంప్ మార్పించాను. సాయంత్రానికి బండి చేతికిచ్చారు. పక్కరోజు పొద్దున పదింటికి పెళ్లికని రాయచోటి బయలుదేరాం. గువ్వలచెరువు ఘాట్ దాదాపు ఎక్కేశాం అనుకునేసరికి టెంపరేచర్ ముల్లు సగం దాటి ఎర్ర గీత వైపు పాకింది. నేను చూస్తుండగానే దభాలున కిందికి పడిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. నిమిషం తిరగలేదు, మళ్లీ పైకి. ఏసీ ఆపి, హీటర్ నాబ్ పూర్తిగా ఎరుపు వైపు తిప్పాను. హీటర్‌కు వేడినిచ్చేది ఇంజిన్‌ను చల్లబరుస్తూ తిరిగే ద్రవం, అంటే కూలెంటే కాబట్టి, ఇంజిన్ అంత కాలుతుంటే వెంట్లలోంచి వేడి గాలి రావాలి కదా. చల్లగా వచ్చింది. డ్యాష్‌బోర్డు వెనకాల కుండలో నీళ్లు కదిలినట్టు గుడగుడ శబ్దం.

ఎలాగోలా పాలకోవా కొట్ల దాకా వచ్చి, నీడలో ఆపి బానెట్ ఎత్తాను. రిజర్వ్ డబ్బాలో కూలెంట్ పై గీత దాకా ఉంది. రేడియేటర్ మూత విప్పబోతుంటే పక్కనే టీ తాగుతున్న లారీ డ్రైవర్ ఒకాయన గట్టిగా అరిచాడు. "ముట్టుకోవద్దు సార్, మొహం కాలిపోతుంది! గంట ఆగు. ఆ పైన పైపు మీద తడి గుడ్డ వేసి నొక్కి చూడు, గట్టిగా ఉంటే లోపల ఇంకా ఆవిరి ఉన్నట్టే." గంటంపావు ఆగి, పైపు మెత్తబడ్డాక మూత తీస్తే రేడియేటర్‌లో జానెడు లోతు ఖాళీ. పక్కన డబ్బా నిండుగా, అసలు రేడియేటర్ ఖాళీగా! పంప్ మార్చినప్పుడు గాలి సరిగ్గా తీయలేదు, పైగా మూతలో రబ్బరు చచ్చిపోయి డబ్బాలోని కూలెంట్‌ను లోపలికి రానివ్వలేదు.

ఆ రోజు నుంచి ఈ విషయం మీద నాకు పట్టుదల పెరిగింది. గాలి తీయడానికి నాలుగైదు పద్ధతులున్నాయి, ఒక్కొక్కరు ఒక్కొక్కటి గొప్పదంటారు. నేను చేసినవీ, దగ్గరుండి చేయించినవీ ఇక్కడ పోల్చి చెబుతున్నాను.

గాలి వల్ల అసలు ఏమవుతుంది

వాటర్ పంప్ నీళ్లను తోయగలదు కానీ గాలిని తోయలేదు. పంపులోకి గాలి చేరితే రెక్కలు ఊరికే తిరుగుతాయి, కూలెంట్ కదలదు. సిలిండర్ హెడ్‌లో (ఇంజిన్ పై భాగం) ఎత్తుగా ఉన్న మూలల్లో గాలి నిలిస్తే అక్కడి లోహానికి కూలెంట్ తగలదు, ఆ ఒక్కచోటే విపరీతంగా కాలుతుంది. అల్యూమినియం హెడ్లు ఆ వేడికి వంగిపోతాయి. ఇంకో ప్రమాదం ఏమిటంటే, టెంపరేచర్ సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. దాని చుట్టూ గాలి చేరితే ఇంజిన్ కాలుతున్నా ముల్లు తక్కువ చూపించవచ్చు. ఘాట్‌లో ముల్లు పడిపోయినప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నది అందుకే తప్పు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. కడపలో, కర్నూలులో హీటర్ వాడేవాళ్లు ఎవరున్నారు? చలి ప్రాంతాల్లో హీటర్ చల్లగా వస్తే వెంటనే తెలుస్తుంది. మనకు ఆ హెచ్చరిక అందదు. కూలింగ్ సిస్టంలో ఏ పని చేయించినా, బండి వేడెక్కాక ఒక్కసారి హీటర్ వేసి చూసుకోండి. ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) చల్లగా, యాక్సిలరేటర్ తొక్కితే వేడిగా వస్తుంటే లోపల గాలి ఉండటమో, కూలెంట్ తగ్గడమో జరిగి ఉంటుంది.

ముందు మీ కారు ఏ రకమో చూసుకోండి

పద్ధతి ఎంచుకునే ముందు బానెట్ ఎత్తి చూడాల్సింది ఇదే. కొన్ని కార్లలో రేడియేటర్ మీదే ఇనుప మూత ఉంటుంది, పక్కన ప్లాస్టిక్ రిజర్వ్ డబ్బా ఉంటుంది. ఆల్టో, స్విఫ్ట్ లాంటివి ఈ రకం. డబ్బాలో ప్రెషర్ ఉండదు. ఇంజిన్ చల్లారేటప్పుడు మూతలోని చిన్న వాల్వ్ ద్వారా అది కూలెంట్‌ను రేడియేటర్‌లోకి తిరిగి ఇస్తుంది, అంతే. రెండో రకంలో రేడియేటర్‌కు మూతే ఉండదు. ప్రెషర్ తట్టుకునే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ ఒకటి ఉండి, దానికే మర మూత ఉంటుంది. పోలోలో బంతిలా కనిపించేది అదే. ఈ రకం చాలా కార్లలో ఇంజిన్ పైభాగం నుంచో రేడియేటర్ పైనుంచో పెన్సిల్ లావు పైపు ఒకటి ఆ ట్యాంకుకు వస్తుంది. గాలి బయటికి రావడానికి పెట్టిన దారి అది. బండి నడుస్తుంటే కొద్దిపాటి గాలి తనంతట తాను ఆ దారిన ట్యాంకులోకి వచ్చేస్తుంది.

కాబట్టి "నడిపితే అదే పోతుందిలే సార్" అని మెకానిక్ అన్నప్పుడు అది పూర్తిగా అబద్ధమేం కాదు. ట్యాంక్ ఉన్న కారులో అర లీటరు టాపప్ చేసిన తర్వాతైతే నిజమే. రేడియేటర్ మూత ఉన్న కారులో, మొత్తం కూలెంట్ దించి పంపో థర్మోస్టాటో (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్) మార్చాక ఆ మాట నమ్మకండి. ముఖ్యంగా మర్నాడు ఘాట్ ఎక్కాల్సి ఉంటే.

మూత తీసి ఐడ్లింగ్‌లో ఉంచడం

ఖర్చు లేనిది, అన్నిటికంటే పాతది, రేడియేటర్ మూత ఉన్న కార్లకు సరిపోయేది. పొద్దున్నే, ఇంజిన్ రాత్రంతా చల్లారాక మొదలుపెట్టాలి. మూత తీసి, కూలెంట్‌ను సన్నటి ధారగా నింపాలి. గబగబా పోస్తే పైన నిండినట్టు కనిపించి కింద గాలి ఇరుక్కుంటుంది. హీటర్ నాబ్ పూర్తి వేడికి తిప్పాలి, ఏసీ ఆపాలి. కొన్ని కార్లలో హీటర్ పైపుకు వాల్వ్ ఉంటుంది, నాబ్ తిప్పకపోతే ఆ దారి మూసుకునే ఉంటుంది.

స్టార్ట్ చేశాక పైనున్న లావు పైపును మెత్తగా పిసుకుతూ ఉంటే బుడగలు వస్తాయి, కూలెంట్ తగ్గుతుంది, మళ్లీ పోయాలి. థర్మోస్టాట్ చాలా కార్లలో 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. అప్పుడు రేడియేటర్‌లో కూలెంట్ గుబుక్కున కిందికి దిగుతుంది, పై పైపు ఉన్నట్టుండి చేయి పెట్టలేనంత కాలుతుంది. అసలు గాలి బయటపడేది ఆ తర్వాతే. చాలామంది అంతకు ముందే మూత పెట్టేస్తారు, మా షెడ్డులో జరిగింది కూడా అదే అయి ఉంటుంది. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచాలి. ఏసీ వేసి ఉంటే ఫ్యాన్ దాని కోసం తిరుగుతుంది, లెక్క తప్పుతుంది. అందుకే ఏసీ ఆపమన్నాను.

దీని లోపం ఒక్కటే, కూలెంట్ పొంగి చుట్టూ చిందుతుంది. వేడి కూలెంట్ చేతి మీద పడుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ కలిసిన కూలెంట్ తియ్యగా ఉండే విషం. వీధి కుక్కలు, కోళ్లు తాగితే చస్తాయి. నేల మీద పడ్డదాన్ని నీళ్లు కొట్టి కడిగేయాల్సిందే, చిన్న పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. రెండో రకం కార్లకు కొన్ని కంపెనీలు ట్యాంక్ మూత బిగించే ఇంజిన్ వేడి చేయమంటాయి. మాన్యువల్‌లో ఆ పేజీ చూడకుండా మూత తీసి నడపొద్దు.

గరాటు: ఇంట్లో చేసుకునేవాళ్లకు నా ఓటు దీనికే

ఇది మామూలు నూనె గరాటు కాదు. రేడియేటర్ మూతి మీద మూతలాగే బిగిసే అడాప్టర్, దాని మీద నిలబడే పెద్ద ప్లాస్టిక్ గరాటు, చివర్లో మూయడానికి పొడుగాటి కాడ ఉన్న బిరడా ఉంటాయి. వేర్వేరు మూతులకు తగ్గట్టు నాలుగైదు అడాప్టర్లు సెట్‌గా వస్తాయి. కొనే ముందు మీ పాత మూత చేతిలో పట్టుకుని పోయి సరిపోతుందో లేదో చూసుకోండి. సరైన అడాప్టర్ లేని సెట్ దేనికీ పనికిరాదు.

దీని కిటుకు చాలా సులువు. గాలి ఎప్పుడూ పైకే పోతుంది. గరాటులో కూలెంట్ మట్టం ఇంజిన్‌లోని ప్రతి మూలకంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి గాలి పైకి వచ్చి బయటపడుతుంది, ఆ ఖాళీలోకి కూలెంట్ దానంతటదే దిగుతుంది. పొంగినా గరాటులోకే పొంగుతుంది. గరాటు మూడో వంతు నింపి ఇంజిన్ స్టార్ట్ చేస్తే మొదట పెద్ద బుడగలు బుడుంగు బుడుంగుమని వస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారి దిగి, బుడగలు చేపలు మింగినట్టు వరసగా వస్తాయి. తర్వాత సోడా సీసాలో లాగా సన్నటివి. ఫ్యాన్ రెండోసారి ఆగేసరికి ఉపరితలం అద్దంలా నిలుస్తుంది. అప్పుడు యాక్సిలరేటర్‌ను రెండు వేల ఐదొందల ఆర్‌పీఎం దాకా నెమ్మదిగా రెండుమూడు సార్లు తొక్కి వదిలితే ఎక్కడో దాక్కున్న చివరి బుడగలు రెండు బయటికొస్తాయి. ఇంజిన్ ఆపి, బాగా చల్లారాక బిరడా పెట్టి, గరాటు ఎత్తి, మిగిలిన కూలెంట్ సీసాలోకి ఒంపుకోవచ్చు. మొత్తం ముప్పావు గంట, చల్లారే సమయం కాక.

ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా బండి పెడితే ఏ పద్ధతైనా ఇంకా బాగా పనిచేస్తుంది. జాకీ మీద నిలబెట్టి ఇంజిన్ నడపమని నేను చెప్పను, అది ప్రమాదం. మన ఇళ్లకు వీధిలోంచి గేటు దాకా ర్యాంప్ ఉంటుంది కదా, దాని మీద బండి ముక్కు పైకి వచ్చేలా ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రెండు బండరాళ్లు పెడితే చాలు. గ్యారేజీలో తలుపులు మూసి చేయొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. లుంగీ, భుజం మీద తువ్వాలు, చున్నీ బెల్టు దగ్గరికి పోకుండా చూసుకోవాలి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా తిరుగుతుంది.

బ్లీడ్ స్క్రూ

కొన్ని కార్లలో థర్మోస్టాట్ హౌసింగ్ మీదో, హీటర్ పైపు మీదో గాలి తీసే స్క్రూ ఉంటుంది. ఉంటే అదే మొదట వాడాలి, ఎందుకంటే గాలి నిలిచే చోటు ఏదో కంపెనీవాళ్లే గుర్తించి పెట్టిన రంధ్రం అది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తెరిచి, పైనుంచి కూలెంట్ పోస్తూ, బుడగల్లేని ధార రాగానే మూసేయాలి. చాలావరకు ప్లాస్టిక్‌వి, బలంగా బిగిస్తే విరుగుతాయి. తర్వాత మామూలుగా గరాటుతో ముగించండి.

వాక్యూమ్ ఫిల్లింగ్

అన్నిటికంటే నమ్మకమైనది, అన్ని చోట్లా దొరకనిది. కంప్రెసర్ గాలితో పనిచేసే చిన్న పరికరాన్ని ఖాళీ సిస్టం మూతికి బిగిస్తారు. అది లోపలి గాలిని లాగేస్తుంది. పైపులు స్ట్రాతో పీల్చేసిన జ్యూస్ ప్యాకెట్‌లా చప్పిడిగా అణిగిపోతాయి, చూస్తే భయమేస్తుంది కానీ అది మామూలే. మీటర్ ముల్లు ఐదు పది నిమిషాలు కదలకుండా ఉంటే ఎక్కడా లీకు లేనట్టు. అప్పుడు వాల్వ్ తిప్పితే, బకెట్‌లోని కూలెంట్ తనంతట తాను లోపలి ప్రతి సందులోకి దూరిపోతుంది. పైపు చివర బకెట్‌లో మునిగే ఉండాలి, ఒక్కసారి పైకి తేలినా మళ్లీ గాలి పీలుస్తుంది. చిన్న కార్లకు మామూలుగా 4 నుంచి 6 లీటర్లు పడుతుంది కాబట్టి దానికంటే ఒక లీటరు ఎక్కువ కలిపి పెట్టుకోవాలి.

దీని గొప్పతనం గాలి తీయడం ఒక్కటే కాదు. కూలెంట్ పోయకముందే లీకు బయటపెడుతుంది. ముల్లు మెల్లగా పడిపోతుంటే ఏదో పైపు క్లిప్పో, రేడియేటర్ అతుకో కారుతోందని అర్థం. అనంతపురం సముద్ర మట్టానికి మూడు వందల మీటర్లకు పైన ఉంది, కాబట్టి తీర ప్రాంతంలో చూపించినంత రీడింగ్ అక్కడ రాదు. ఆ చిన్న తేడా చూసి పరికరం పాడైందనుకోవద్దు. పదిహేనేళ్ల పాత బండి, పైపులు పగుళ్లు పట్టి ఉంటే మాత్రం ముందు పైపులు మార్చి ఆ తర్వాత వాక్యూమ్ పెట్టించండి.

మరి మీరు ఏది ఎంచుకోవాలి?

అర లీటరు టాపప్ చేశారు, ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ ఉన్న కారు: ఏ పద్ధతీ అక్కర్లేదు. ఊళ్లో రెండు రోజులు నడిపి, చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసుకోండి.

కూలెంట్ మార్చుకుంటున్నారు, చేతిపని ఇష్టం: గరాటు. ఒక్కసారి కొంటే బంధువుల బండ్లన్నిటికీ పనికొస్తుంది.

వాటర్ పంప్, హెడ్ పని, హీటర్ కోర్ (డ్యాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ చిన్న రేడియేటర్) మార్పు లాంటి పెద్ద పని చేయిస్తున్నారు: వాక్యూమ్ ఉన్న చోటే చేయించండి. పరికరం ధర మరీ ఎక్కువేం కాదు, కంప్రెసర్ షెడ్డులో ఎలాగూ ఉంటుంది. బండి ఇచ్చే ముందే "అన్నా, వాక్యూమ్ గన్ ఉందా?" అని అడగండి. లేకపోతే, "ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా నేను కూచుంటాలే అన్నా, తొందర లేదు" అనండి. పక్కన కూచునే మనిషి ఉంటే పని తీరే వేరుగా ఉంటుంది. థర్మోస్టాట్ మారుస్తుంటే దాని అంచున సన్నటి రంధ్రం, కొన్నిటికి అందులో ఆడే చిన్న పిన్ను ఉంటుంది. గాలి తప్పించుకోవడానికి పెట్టిందే అది. థర్మోస్టాట్ నిలువుగా కూర్చునే ఇంజిన్లలో ఆ రంధ్రం పైవైపుకు ఉండేలా బిగించమని చెప్పండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లు, ఎలక్ట్రిక్ వాటర్ పంప్ ఉన్న ఖరీదైన కార్లు: ఇంట్లో ముట్టుకోవద్దు. వాటిలో పంపును స్కానర్‌తో నడిపించి గాలి తీసే వరస వేరే ఉంటుంది. సర్వీస్ సెంటరే దారి.

హైవే మీద, ఘాట్‌లో ముల్లు లేచింది: అక్కడ పద్ధతుల ప్రసక్తే లేదు. ఏసీ ఆపి, హీటర్ ఫుల్ వేసి, పక్కన సురక్షితంగా ఆపగలిగిన మొదటి చోట ఆపి ఇంజిన్ ఆఫ్ చేయండి. గంట ఆగండి. కాలిన ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు.

తీసినా తీసినా గాలి వస్తుంటే

ఇక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. సరిగ్గా ఒకసారి గాలి తీశాక వారానికే మళ్లీ అదే గుడగుడ వస్తే, పద్ధతి మార్చి లాభం లేదు, గాలి ఎక్కడి నుంచి వస్తుందో వెతకాలి. మొదట మూత చూడండి, రబ్బరు ఎండిపోయిందంటే మార్చేయండి, చవకలో పోయే వస్తువు. తర్వాత పైపుల క్లిప్పులు, పంప్ కింద కారిన తెల్లటి మరకలు. ఇవేవీ కాకపోతే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందేమోనని అనుమానం. సిలిండర్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి తోసుకొస్తుంది, అప్పుడు గరాటులో బుడగలు ఎంతసేపైనా ఆగవు. దీనికి నీలిరంగు ద్రవంతో చేసే పరీక్ష ఉంది. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని ఆ ద్రవంలోంచి లాగితే, మండిన వాయువు ఉంటే అది పసుపు రంగుకు మారుతుంది. హెడ్ విప్పే ముందు ఆ పరీక్ష చేయమని తప్పకుండా అడగండి.

గాలి పోయిన చోట ఏం పోస్తున్నారు?

మన జిల్లాల బోరు నీళ్లు ఎలాంటివో గిన్నెల అడుగున పట్టే తెల్లటి చెక్కు చూస్తే తెలుస్తుంది. అదే సున్నం రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పడుతుంది. రెడీగా కలిపి అమ్మే కూలెంట్ పోయండి, లేదంటే గాఢమైన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. "మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు?" అని అడిగేవాళ్లు చాలామంది. సగం సగం కలిపిన కూలెంట్ మూత లేకుండా సుమారు 107 డిగ్రీల దాకా మరగదు, మంచి మూత ప్రెషర్ పట్టి ఉంచితే 125 డిగ్రీల చుట్టుపక్కల దాకా తట్టుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, తుప్పు పట్టనివ్వదు. రంగు చూసి కలపొద్దు, ఒకే రంగులో వేర్వేరు రసాయనాలుంటాయి. మాన్యువల్‌లో చెప్పిన రకమే వాడాలి.

పని అయ్యాక ట్యాంక్ మీద, చల్లగా ఉన్నప్పటి మట్టం దగ్గర మార్కర్‌తో చిన్న గీత గీయండి. మూడు రోజులు పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందు చూడండి. రేడియేటర్ మూత ఉన్న కారైతే డబ్బా ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా, చల్లారిన ఇంజిన్ మీద మూత తీసి రేడియేటర్ లోపల కూడా చూడండి. మొదటి రోజు కొంచెం తగ్గడం మామూలే. మూడో రోజు కూడా తగ్గుతుంటే ఆ బండితో ఘాట్ ఎక్కకుండా షెడ్డుకు తీసుకెళ్లండి.